జంట తెలుపు వాగు దాటింది

మెరివాలా
21 ఆగస్టు 1983

యూనా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. జవాబు రాలేదని అలిగి ఉంటావు. అలుగు. ఇక్కడ నాకు తీరిక లేదు. నీలి రెన్ పిట్టలు రంగు మారే రోజులివి.

పెర్త్‌కి వచ్చెయ్యమని మళ్లీ రాశావు. మీ పెరటి గదికి సున్నం వేయించానన్నావు, కిటికీకి తెర కుట్టానన్నావు. నేను రాను. జాక్ పోయాక ఈ ఆరేళ్లూ నేను ఒంటరిగా పడి ఉన్నానని నీ బాధ. నా ఇంటి వెనక వాగు గట్టు ముళ్లపొదల్లో పద్నాలుగు పిట్టలున్నాయే తల్లీ. ఒక్కొక్కదాని కాలికీ నా చేత్తో తొడిగిన రంగు రింగులున్నాయి. వాటినొదిలి నీ పెరట్లో కూర్చుని ఏం చెయ్యను, నీ కంచె మీది కాకుల్ని లెక్కపెట్టనా?

అంత చిన్న పిట్టలో ఏముంది చూడ్డానికి అని లెస్ అడిగాడట. చెప్పు మా మరిదికి. బొటనవేలంత పిట్ట, నిలబెట్టిన తోక. చలికాలంలో మగదీ ఆడదీ అందరూ మట్టిరంగే. వసంతం వస్తోందనగానే మగాడికి తలమీదా వీపుమీదా ఒక్కొక్క ఈకే నీలం తిరుగుతుంది. ఆడదానికి ఆ భోగం లేదు, కంటి చుట్టూ కాస్త ఇటుకరంగు, అంతే. ఈ గట్టున ఉన్న మగాడికి ఎర్ర రింగు వేశాను, పేరు ఎర్రకాలు. ఇంకా సగం మట్టి, సగం నీలం. చిరుగుచొక్కా వేసుకున్నట్టున్నాడు. అవతలి గట్టున నల్లకాలని ముసలి మగాడున్నాడు. వాడు మాత్రం జూన్‌లో, గడ్డి మీద మంచు గట్టిపడే రోజుల్లోనే నిండా నీలమైపోయాడు. పెద్దవాళ్లే అలా తొందరగా మారతారు.

ఎర్రకాలు పెళ్లాం కాళ్లకి రెండు తెల్ల రింగులు వేశాను. మసకచీకట్లో కూడా కనబడాలని. దాని పేరు జంట తెలుపు. ఈ ఏడాది దాన్ని ఒక్కరోజు కూడా విడవకుండా చూడాలని పంతం పట్టాను. మన పక్షుల సంఘం అధ్యక్షుడు బ్లైత్ గారు నవ్వాడు. "ఈనిడ్, ఆడపిట్టలో చూడ్డానికేముంది? గూడు కడుతుంది, గుడ్లు పొదుగుతుంది" అన్నాడు. చూశాక చెబుతానన్నాను.

మోకాళ్ల సంగతి అడగకు.

మీ అక్క,
ఈనిడ్

*

పెర్త్
4 సెప్టెంబరు 1983

అక్కా,

అడగకు అన్నావంటేనే మోకాళ్లు బాగోలేవని అర్థం. అరవై ఏడేళ్ల మనిషివి, తెల్లారకుండా తడిగడ్డిలో స్టూలు వేసుకుని కూర్చుంటే అవి ఎలా బాగుంటాయి? పాములు లేచే కాలం కూడా. బావ ఉంటే నిన్ను కుర్చీకి కట్టేసేవాడు.

ఇక్కడ నీ ఉత్తరాలకి గిరాకీ పెరిగింది. పొద్దున రొట్టె తినేటప్పుడు లెస్ పైకి చదువుతాడు. రిటైరైనా బడిగొంతు పోలేదు. "చిరుగుచొక్కా వేసుకున్నట్టున్నాడు" అన్న చోట తనే నవ్వుకుని, టీ ఒలకబోసుకున్నాడు. నల్లకాలు ఏమయ్యాడో అడగమన్నాడు.

అతని గుండె మళ్లీ కొంచెం ఇబ్బంది పెట్టింది. మాత్రలు మార్చారు. దాంతో మా గ్లెనిస్‌కి బెంగ పట్టుకుంది. లెస్ నాన్న నలభై ఆరుకే గుండె ఆగి పోయాడు కదా, లెస్‌కీ అదే జబ్బు, రేపు తనకీ అదేనని. డాక్టరు అడిగాడట మీ వంశంలో ఎవరెవరికుందని. మూడో బిడ్డని కనాలన్న ఆశ కూడా వదులుకుంది. ముప్పై మూడేళ్ల పిల్ల, మెట్లెక్కుతూ నాడి చూసుకుంటుంది. ఎంత చెప్పినా వినదు.

ఊలు మేజోళ్లు పంపుతున్నాను. వేసుకో, దాచుకోకు.

యూనా

*

మెరివాలా
2 అక్టోబరు 1983

యూనా,

మేజోళ్లు వేసుకునే రాస్తున్నాను. లెస్‌ని టీ కింద పెట్టి చదవమను, ఎందుకంటే ఇది మామూలు సంగతి కాదు.

జంట తెలుపు గూడు కట్టడం పూర్తిచేసింది. ముళ్లపొదలో, అడుగు ఎత్తున, పక్కనుంచి ద్వారం. ఇక రేపో ఎల్లుండో గుడ్లు పెడుతుందనగా నేను ఇంకాస్త ముందు లేచి, నాలుగున్నరకే వెళ్లి కూర్చున్నాను. వెలుతురు రాకముందే మగాళ్లు పాట మొదలుపెడతారు. ఎర్రకాలు ఇక్కడ పాడుతున్నాడు, నల్లకాలు అవతల ఎండిన తుమ్మ మీద పాడుతున్నాడు. ఐదుంబావుకి జంట తెలుపు పొదలోంచి బయటికొచ్చింది. మొగుడి వైపు చూడను కూడా లేదు. సూటిగా వాగు దాటి, ఎండిన తుమ్మ కింద వాలింది. నల్లకాలు దిగొచ్చాడు. రెండు క్షణాల పని. తిరిగి ఇంటికి. అంతా కలిపి నాలుగు నిమిషాలు.

కళ్లు నలుపుకున్నాను. మర్నాడు వెళ్లాను, మళ్లీ అదే. మూడో రోజూ అదే. నాలుగో రోజు మొదటి గుడ్డు పెట్టింది, ఆపేసింది.

ఇంట్లో ఉన్న మగాడికి ఏమీ తెలియదు పాపం. పాడుకుంటున్నాడు. రేపు పిల్లలు నోరు తెరిస్తే ఎవరి పిల్లలని అడక్కుండా పురుగులు మోస్తాడు. ఎంత మర్యాదగా కనబడే ఇంట్లోనైనా ఇలాంటివి జరుగుతూనే ఉంటాయేమో, మనమే అంత పొద్దున లేవం. అప్పట్లో అమ్మ బోర్డింగ్ హౌస్‌లో అందరికన్నా ముందు నువ్వే లేచేదానివి, గుర్తుందా? పాలు పితకాలని చీకట్లోనే బయటపడేదానివి. నేనైతే ఎండ ముఖాన పడేదాకా దుప్పట్లోనే. ఇప్పుడు చూడు, ఈ వయసులో నీ అలవాటు నాకొచ్చింది.

బ్లైత్ గారికి మొత్తం రాసి పంపాను. డిసెంబరు సభలో చదువుతానన్నాను. ఏమన్నాడో తెలుసా? రెన్ పిట్టల జంట ఆదర్శ దాంపత్యానికి గుర్తట, మన సంఘం బ్యాడ్జీ మీద ఉన్నదే ఆ జంట అట, మసకచీకట్లో నేను మగపిల్లని చూసి ఆడదనుకున్నానట. మగపిల్లకి తోకలో నీలం ఉంటుంది, ముక్కు నల్లబడుతుంది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను, నాకా చెప్పేది! "ఆ పేజీ తీసేస్తే మిగతాది పత్రికలో వేస్తాను" అన్నాడు. ఆ పేజీ లేకపోతే మిగిలింది కాగితమే.

తియ్యను. ఎవడొచ్చి చెప్పినా తియ్యను.

ఈనిడ్

*

పెర్త్
9 అక్టోబరు 1983

ఈనిడ్,

ముప్పై నాలుగేళ్లు కడుపులో దాచుకున్నావు. ఇన్నాళ్లకి, మా ఇంట్లో, రొట్టెల బల్ల దగ్గర, నా మొగుడి నోటితోనే చదివించావు.

లెస్ "పాలు పితకాలని" అన్న మాటదాకా చదివాడు. తర్వాత కాగితం మడిచి గిన్నె కింద పెట్టి, టమాటా మొక్కలకి నీళ్లు పోస్తానని వెళ్లాడు. మధ్యాహ్నందాకా లోపలికి రాలేదు.

నీకు నామీద కోపముంటే ముఖాన చెప్పాల్సింది. పిట్టని అడ్డం పెట్టుకుని రాయడం నీకు తగదు. ఆ వ్యాసం సభలో చదివి నలుగురినీ నవ్వించాలనుకుంటే చదువుకో. నాకు మాత్రం ఇక ఉత్తరం రాయకు.

యూనా

*

మెరివాలా
16 అక్టోబరు 1983

యూనా,

రాయకు అన్నావు కాబట్టి రాస్తున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. నేనేం దాచాను? ఎవర్ని నవ్వించాలనుకున్నాను? నేను రాసింది పిట్ట గురించి. నీ మొగుడు టమాటాలకి నీళ్లు పోస్తే ఆ పాపం కూడా నాదేనా?

ఆలోచించగా ఒక్కటే తోచింది. లెస్ చర్చిలో పెద్దమనిషి, నువ్వు ఆదివారం బడిలో పాఠాలు చెప్పిన మనిషివి. ఇలాంటి రాతలు మీ బల్లమీద పడకూడదన్నమాట. బ్లైత్ గారి భార్య కూడా మొన్న మాంసం కొట్టు దగ్గర నన్ను చూసి ముఖం తిప్పుకుంది. "ఇలాంటివి చూడ్డానికేనా మీరు పొద్దున్నే వెళ్లేది?" అంది. "మీరు రండి, మీకూ చూపిస్తాను" అన్నాను. పక్కనున్న కసాయి నవ్వాపుకోలేక లోపలికెళ్లాడు.

ఆవిడ పరాయిది. నువ్వు నా చెల్లెలివి. నువ్వూ వాళ్ల వైపే నిలబడితే నిలబడు. మీ చర్చి పెద్దల తృప్తి కోసం నేను ఒక పిట్టకి పాతివ్రత్యం అంటగట్టలేను. అది సిగ్గుపడి వెళ్లలేదు యూనా. తలొంచుకుని పొదల చాటున దూకుతూ పోలేదు. సూటిగా ఎగిరింది. ఎవరితో వెళ్లాలో దానికి తెలుసు, చలికి భయపడకుండా అందరికన్నా ముందు నీలం తొడిగినవాడి దగ్గరికే వెళ్లింది. అందులో నాకు నవ్వొచ్చేదేమీ లేదు. ఇంత చిన్న ప్రాణికి అంత నిశ్చయమా అని, చలికి బిగుసుకుపోయిన వేళ్లతో రాసుకుంటూ, నిజం చెప్పాలంటే కాస్త ఏడ్చాను కూడా.

మొదటిసారి పెట్టిన గుడ్లు పోయాయి. పాము తినేసింది. జంట తెలుపు రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు మళ్లీ గడ్డిపోచ నోట కరుచుకుంది.

నీకు ఏ మాట గుచ్చుకుందో చెప్పు. చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?

అక్క

*

పెర్త్
28 అక్టోబరు 1983

అక్కా,

నీకు తెలియదన్నమాట. నీ ఉత్తరం చదివి వంటింటి గచ్చు మీద కూర్చుండిపోయాను.

ఇన్నేళ్లూ నీకు తెలుసనే అనుకున్నాను. గ్లెనిస్ పుట్టినప్పుడు ఉయ్యాల్లోకి చూసి "ఈ గడ్డం ఎవరిదే?" అన్నావు. ఆ రోజునుంచీ తెలుసనుకునే నీతో మాట్లాడుతున్నాను. క్రిస్మస్‌కి నువ్వు పంపిన ప్రతి కార్డూ అటూ ఇటూ తిప్పి, ఏమైనా రాశావేమో అని చూసేదాన్ని.

సరే, ఇప్పుడు తెలుసుకో. నలభై తొమ్మిదిలో అమ్మ దగ్గర ఆరో గదిలో దిగాడు చూడు, వాగు మీద వంతెన కోసం కొలతలు తియ్యడానికొచ్చిన ట్రెలోర్. అప్పటికే నాకూ లెస్‌కీ పెళ్లి నిశ్చయమైంది. నేను పాలు పితకడానికి వెళ్లేది నిజమే. పాలపాక వెనకే అతను తన పరికరాలు పెట్టుకునేవాడు. ఆరు వారాలు. అతను నన్నేం మోసం చెయ్యలేదు, రమ్మన్నాడు. నేనే వెళ్లలేదు. ఊరూరా గుడారాల్లో బతికే మనిషి అతను. నాకు లెస్ కావాలి, ఇల్లు కావాలి, అతనూ కావాలి. ఎవరికైనా చెప్పుకునే మాటేనా ఇది? పెళ్లి జూలైలో. ఫిబ్రవరిలో గ్లెనిస్.

నీ పిట్ట ఉత్తరం వచ్చిన రోజు సాయంత్రం లెస్ చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "మీ అక్క రాసింది పిట్టల గురించి, యూనా. ఆవిడకేమీ తెలియదు. నువ్వనవసరంగా ఆవిడ మీద విరుచుకుపడకు" అన్నాడు.

"నీకేం తెలుసు?" అన్నాను.

"నలభై ఏళ్లు లెక్కల మాస్టర్ని. తొమ్మిది లెక్కపెట్టడం రాదనుకున్నావా?" అన్నాడు.

ఆ పొద్దున ఎందుకు లేచి వెళ్లిపోయావని అడిగాను. తన ముఖంలో నేనేం చదువుతానో అని భయమేసిందట. "నువ్వు దాచావు, నేను తెలిసీ ఊరుకున్నాను. ఇద్దరం సమానమే. కానీ ఆ పిల్ల నా గుండె జబ్బు తనకొస్తుందని ఏడుస్తుంటే ఊరుకోవడం మాత్రం నావల్ల కావట్లేదు" అన్నాడు.

నీకు రాసిన ఆ కోపం ఉత్తరం పోస్టు చెయ్యొద్దని అతను చెప్పాడు, నేను వినలేదు. అదీ సంగతి.

ఇక రెండో సంగతి. బ్లైత్ గారికి ఇంకో సాక్షి కావాలంటే నేనొస్తాను. లెస్ టిక్కెట్టు గురించి వాకబు కూడా చేశాడు. ఆ పిట్ట సిగ్గుపడి వెళ్లలేదని రాశావే, అది నేను నా కళ్లతో చూడాలి.

యూనా

*

మెరివాలా
5 నవంబరు 1983

యూనా, నా తల్లీ,

ఆ గడ్డం మన నాన్నది! నాన్న గడ్డం ఎక్కణ్ణుంచి వచ్చిందే దీనికి అని మురిసిపోయి అన్నాను. దానికా నువ్వు ముప్పై నాలుగేళ్లు నా కార్డులు తిప్పి చూసింది!

నవ్వాలో ఏడవాలో తెలియక వెళ్లి కోళ్లకి మేత వేసొచ్చాను.

నీమీద కోపముంది. ట్రెలోర్ సంగతికి కాదు. అతను బాగానే ఉండేవాడు, చెప్పులు గుమ్మం బయట విప్పేవాడు, అమ్మకి కట్టెలు కొట్టి పెట్టేవాడు. నా కోపం, నాతో చెప్పనందుకు. ఒకే మంచమ్మీద పెరిగాం. అప్పుడు నువ్వు చెప్పి ఉంటే నిన్నెవరేమన్నా నేను వాళ్ల నోరు మూయించేదాన్ని. ఇంతకన్నా ఈ సంగతి మీద నేను మాట్లాడను. గ్లెనిస్‌కి చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, లెస్ ఇష్టం. నానుంచి ఒక్క మాట బయటికి పొక్కదు.

మా మరిదిని ఇన్నాళ్లూ చప్పిడి మనిషనుకున్నాను. నా తరఫున అతన్ని క్షమాపణ అడుగు.

నువ్వు రా, జంట తెలుపు ఇంకా గుడ్లు పెట్టలేదు. బ్లైత్‌కి ఫోను చేసి చెప్పాను. "ఇద్దరు వేరువేరుగా చూసి రాసుకోవాలి, అప్పుడు కార్యక్రమంలో పెడతాను" అన్నాడు. కుదరదనుకున్నాడు కాబట్టే ఒప్పుకున్నాడు. నువ్వు అవతలి గట్టున, నేను ఇవతలి గట్టున. మధ్యలో మాటల్లేవు, సైగల్లేవు. ఇద్దరి గడియారాలూ ముందురోజు రేడియో గంటకి కలుపుకోవాలి. ఏది కనబడితే అది రాయి, కనబడకపోతే కనబడలేదని రాయి. నాకోసం ఒక్క అక్షరం కలిపినా నిన్ను రైలెక్కించి వెనక్కి పంపేస్తాను.

మట్టిరంగు కోటు తెచ్చుకో. నీ ఎర్రకోటు వద్దు. సెంటు అసలే వద్దు.

అక్క

*

పెర్త్
4 డిసెంబరు 1983

అక్కా,

రైలు దిగాక ఇంకా నడుస్తుంటే నేల ఊగుతోంది. లెస్ స్టేషనుకొచ్చాడు. చిక్కాడు. నేను లేని మూడు వారాలూ గుడ్లూ రొట్టే తిని బతికాడు.

నీ దగ్గరున్నప్పుడు నోటితో చెప్పలేనిది రాస్తున్నాను. మొదటి నాలుగు పొద్దులూ నాకేమీ కనబడలేదు. నువ్వు నా పుస్తకం చూడలేదు, నీది నాకు చూపించలేదు. నీ ముఖం చూస్తే నీకూ ఏమీ కనబడలేదని తెలుస్తూనే ఉంది. అయినా నువ్వు నన్ను ఒక్క మాట అడగలేదు. ఐదో రోజున అబద్ధం రాసేద్దామనిపించింది. నిజంగానే పెన్సిలు తీశాను. ఎక్కడ నీ రాతకి తేడా వస్తుందో అని ఆగాను.

ఆ రోజే వచ్చింది. చలి, తుమ్మ మీద నల్లకాలు పాట చెవులు చిల్లులు పడేలా. అంత చిన్న గొంతులో అంత పాటా! ఎదురుగుండా ఏదో కదిలింది. ముందు రెండు తెల్లచుక్కలే కనబడ్డాయి, పిట్ట కనబడలేదు. నాకు చేతికందేంత దగ్గర్లో వాలింది. కంటి చుట్టూ ఇటుకరంగు, తోకలో నీలం లేదు, నువ్వు చెప్పినట్టే. నన్ను చూసింది అక్కా. చూసి కూడా ఆగలేదు, వాడి దగ్గరికే పోయింది. గడియారం చూశాను, ఐదూ పదమూడు.

ఇంటికెళ్లి పుస్తకాలు బల్లమీద పక్కపక్కన పెట్టినప్పుడు, నీ పుస్తకంలో ఐదూ పన్నెండుకి బయల్దేరిందని ఉంది. నువ్వు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ "టీ పెడతాను" అన్నావు. ఆ ఒక్క నిమిషం తేడా చూసినప్పుడు నాకెంత గర్వంగా అనిపించిందో, పెళ్లినాడు కూడా అనిపించలేదు.

నేనూ లెస్ మాట్లాడుకున్నాం. క్రిస్మస్‌కి గ్లెనిస్ వచ్చినప్పుడు చెప్పేస్తాను. లెస్ తను చెబుతానన్నాడు, మెత్తగా చెబుతాడట. వద్దన్నాను. నా మాట నేనే చెప్పాలి.

సభలో భయపడకు. నువ్వు భయపడవని తెలుసు. అయినా రాశాను.

యూనా

*

మెరివాలా
12 డిసెంబరు 1983

యూనా,

శనివారం సభ జరిగింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మహిళా సంఘం హాలు నిండింది. నలభైమందికి పైనే. మామూలుగా పదిహేను మంది రారు. బ్లైత్ గారి భార్య నలుగురికీ చెప్పబట్టే వచ్చారు, ఆ పుణ్యం ఆవిడదే. నేను తొమ్మిది పేజీలు చదవాలి. మూడో పేజీలో జంట తెలుపు వాగు దాటగానే బ్లైత్ గారు లేచాడు.

"ఈనిడ్, ఒక్క నిమిషం. మీ రెండో సాక్షి మీ సొంత చెల్లెలట కదా?"

"అవును. పుట్టినప్పట్నుంచీ నాతో ఒక్క విషయంలోనూ ఏకీభవించని చెల్లెలు" అన్నాను.

జనం నవ్వారు. అతను నవ్వలేదు. "ఇది కుటుంబాలొచ్చే సభ. వెనక పిల్లలున్నారు. వాళ్లకి మనం ఏ పిట్టని చూపించి ఏం నేర్పుతున్నాం?"

"ఉన్న పిట్టని చూపిస్తున్నాం. లేని పిట్టని చూపించడం నాకు రాదు."

అప్పుడతను నావైపు కాకుండా జనం వైపు తిరిగి, "ఇక టీ తీసుకుందాం" అన్నాడు. అంతే. అధ్యక్షుడు టీ అన్నాక సభ అయిపోయినట్టే. కుర్చీలు కదిలాయి, కప్పులు గలగలమన్నాయి. ఒక్క క్షణం కాగితాలు మడిచేద్దామనిపించింది యూనా, నీ దగ్గర దాచను. అవతలి గట్టున నువ్వు చలికి ముడుచుకుని కూర్చున్నది గుర్తొచ్చింది. నాలుగో పేజీ తీసి, ఇందాకటికన్నా గట్టిగా మొదలుపెట్టాను. సగంమంది కేకుల దగ్గరికెళ్లారు. సగంమంది కప్పులు పట్టుకుని తిరిగొచ్చి కూర్చున్నారు. తొమ్మిది పేజీలూ చదివాను. ఆఖరి పేజీలో, పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చాక ఎర్రకాలు గంటకి పదిహేడుసార్లు మేత తెచ్చిన లెక్క ఉంది. అదీ చదివాను.

నేను ఆపగానే క్లారీ వాస్ లేచాడు. కొండ కింద గొర్రెల మనిషి, సంఘంలో ఇరవై ఏళ్లనుంచీ ఉన్నాడు, ఎప్పుడూ నోరు విప్పింది లేదు. టోపీ చేతుల్లో నలుపుతూ, "మా కట్టెల మోపు దగ్గర నేనూ చూశాను. రెండేళ్లు చూశాను. నవ్వుతారని చెప్పలేదు" అని కూర్చున్నాడు.

"క్లారీ, నీకు కళ్లద్దాలు మార్చాలి" అన్నాడు బ్లైత్.

"కళ్లద్దాలు నాకు లేనేలేవు హొరేస్" అన్నాడు క్లారీ, బ్లైత్‌ని పేరు పెట్టి.

వెనకనుంచి పోస్టాఫీసు డార్సీ, చిన్నది, నిరుడే చేరింది, "వచ్చే వసంతంలో నేనూ వచ్చి కూర్చుంటాను, మిసెస్ గ్యారిటీ, నాకు నేర్పుతారా?" అంది. రమ్మన్నాను. క్లారీకి కూడా పెన్సిలూ పుస్తకమూ ఇస్తానన్నాను.

పత్రికలో వెయ్యనని బ్లైత్ ఇవాళ కబురు పెట్టాడు. బ్యాడ్జీ తిరిగి ఇచ్చెయ్యమని కూడా అన్నాడు, మర్యాదగానే. ఇవ్వనన్నాను. ప్రతి సభకీ అది పెట్టుకుని ముందు వరసలో కూర్చుంటాను. నకలు ఒకటి రాజధానిలో పిట్టల మీద పరిశోధన చేసే ఒకావిడకి పంపాను. జవాబు రాకపోతే మళ్లీ పంపుతాను. మళ్లీ రాకపోతే మళ్లీ.

నీకు క్రిస్మస్ దగ్గరపడుతోంది. నేనేమీ చెప్పను. ధైర్యం నీకు నేర్పేంతదాన్ని కాను.

అక్క

*

పెర్త్
29 డిసెంబరు 1983

అక్కా,

క్లారీ వాస్ సంగతి చదివి లెస్ బల్ల చరిచాడు. రెండుసార్లు చదివించుకున్నాడు. ఈసారి చదివింది నేను.

గ్లెనిస్‌కి చెప్పాను. పండగ మర్నాడు, వేడికి అందరూ పడుకుంటే నేనూ అదీ వెనక వరండాలో మిగిలాం. చుట్టూ తిప్పలేదు. "నీ గుండె లెస్ గుండె కాదు. నువ్వు అతనికి పుట్టలేదు. అతనికి ముందునుంచీ తెలుసు" అన్నాను.

లేచి నిలబడి, "ఇన్నేళ్లు నన్ను డాక్టర్ల చుట్టూ తిరగనిచ్చావా అమ్మా? మెట్టుమెట్టుకీ చచ్చిపోతాననుకుంటూ బతకనిచ్చావా?" అంది. ఆ తప్పు నాదేనని ఒప్పుకున్నాను. అక్కడ తలొంచాను.

"నీకు సిగ్గుగా లేదూ?" అంది తర్వాత.

అప్పుడు మాత్రం తలెత్తాను. "నీకు చెప్పనందుకు సిగ్గుపడతాను. నీ ముందు ఎన్నిసార్లంటే అన్నిసార్లు క్షమాపణ అడుగుతాను. కానీ నువ్వు పుట్టినందుకు నేనెవర్నీ క్షమాపణ అడగను" అన్నాను.

లోపలికెళ్లి లెస్ మంచం పక్కన కూర్చుంది. తలుపు వేసుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. బయటికొచ్చినప్పుడు ఇద్దరి కళ్లూ ఎర్రగా ఉన్నాయి. వెళ్లేటప్పుడు అతన్ని గట్టిగా కావలించుకుంది, "నాన్నా, మాత్రలు మర్చిపోకు" అంది. నన్ను కావలించుకోలేదు. కారెక్కి వెళ్లిపోయింది.

రెండు రోజులు ఫోను లేదు. లెస్ చెయ్యబోతే వద్దన్నాను. చేస్తే చేస్తుంది, చెయ్యకపోతే చెయ్యదు, చెప్పినదాన్ని మాత్రం వెనక్కి తీసుకోను అన్నాను. అంటూనే వంటింట్లో ఫోను పక్కనే కూర్చుని బఠాణీలు ఒలిచాను. ఇద్దరం తినలేనన్ని బఠాణీలు!

ఇవాళ పొద్దున మోగింది. హలో అని కూడా అనలేదు. అతని పేరేమిటని అడిగింది.

చెప్పాను.

యూనా